పున్నమికి వస్తుందన్నాను

శిక్షణ, రెండో రోజు

నిన్నటి పేజీ లేదు. రాయాలని ఇవాళే చెప్పారు. సాకుడు తల్లి కాబోయే ప్రతి ఒక్కరూ రోజూ కొంత రాయాలట, అదీ చేత్తోనే రాయాలట. ముప్పై ఒక్కేళ్ళు మంచు వలల పంపులు విప్పి బిగించిన చేతులు నావి. స్పానరు పట్టుకుంటే వణకవు, పెన్ను పట్టుకుంటే వణుకుతాయి. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పేరు ఓబుళమ్మ. వయసు యాభై ఎనిమిది. రాళ్ళమిట్ట మూడో వరుసలో ఒంటరి కాపురం. తీరం నుంచి రైళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. సముద్రం ఊరొకటి మింగినప్పుడల్లా ఆ ఊరి జనం ఈ మిట్టకు ఎక్కుతున్నారు. అమ్మానాన్నలు కరకట్టల పనిలోనో ఆసుపత్రిలోనో ఉండిపోతే, పిల్లలు మెడలో చీటీతో ఒంటరిగా దిగుతున్నారు. స్టేషను పంపు బాగుచేయడానికి వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను. పెద్దవాళ్ళు తేరుకుని వచ్చేదాకా ఆ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకేవాళ్ళు కావాలన్నారు. నా ఇంట్లో రెండో మంచానికి చోటుంది, పేరిచ్చాను.

పిల్లకు అన్నం పెట్టడానికి ఇరవై ఒక్క రోజుల చదువేమిటని నవ్వుకుంటూ వెళ్ళాను.

"అన్నం పెట్టేదానికి కాదక్కా. పెట్టిన అన్నం ఆ బిడ్డ ఎందుకు తిన్లేదో తెలుసుకునేదానికి," అంది సలోమి. మాకు నేర్పేది ఆమే. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది.

శిక్షణ, ఐదో రోజు

ఇవాళ బొమ్మను తెచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్లంత ఉంది. చేతులు వెచ్చగా ఉన్నాయి, కళ్ళు తిప్పుతుంది, ముక్కు ఎగబీలుస్తుంది. రైలు దిగిన వందలమంది పిల్లల మాటలు విని దీన్ని తయారు చేశారట. ఛాతీ మీద గోలీకాయంత దీపం ఉంది. దిగులు పడితే ఎర్రగా వెలుగుతుంది, కుదుటపడితే నీలంగా మారుతుంది. ఎంత తొందరగా నీలం వస్తే మాకు అన్ని మార్కులు. ఒక్కొక్కరికి పది నిమిషాలు.

మెడ వెనక, జడ కింద ఒక బొత్తాం ఉంది. నొక్కితే అంతవరకు జరిగిందంతా బొమ్మ మరిచిపోతుంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవచ్చు.

"ఎన్ని తప్పులైనా చేయండి. తప్పులన్నీ ఈడనే చేసేయండి," అంది సలోమి.

మేము తొమ్మిదిమందిమి. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఒక దర్జీ మౌలాలి. అందరినీ బొమ్మ ఒకే ప్రశ్న అడిగింది, "మా అమ్మ ఎప్పుడొస్తుంది?" అని. ఆ ప్రశ్నకు ఇద్దరు ఆడవాళ్ళు గది వదిలి బయటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. పంపు మొరాయిస్తే వదిలేసి పోయే అలవాటు నాకు లేదు.

శిక్షణ, పదకొండో రోజు

కిటుకు దొరికింది. పిల్ల కంటే ఎత్తులో కూర్చోకూడదు. "ఎందుకు ఏడుస్తున్నావు" అని అడగకూడదు. "భయంగా ఉందా" అంటే దీపం కాస్త పాలిపోతుంది. ఇదంతా సలోమి నేర్పిందే. ఇక అమ్మ సంగతికొస్తే, "తెలియదు" అంటే బొమ్మ దీపం పది నిమిషాలూ ఎర్రగానే ఉంటుంది. "వస్తుందిలే" అంటే సగం ఎరుపు. "ఫలానా రోజుకు వస్తుంది" అంటే చటుక్కున నీలం. పద్నాలుగు సార్లు బొత్తాం నొక్కి కనిపెట్టాను ఈ సంగతి.

"నాకు తెల్దు బిడ్డా" అన్న మాటొక్కటే మౌలాలికి వచ్చు. బొత్తాం కూడా నొక్కడు. ఎర్రదీపం ముందు పది నిమిషాలూ అట్లాగే కూర్చుని లేచి వస్తాడు. మార్కుల్లో అందరికంటే అడుగు.

"ఏం మౌలాలీ, ఆ బొత్తాం కొరుకుతుందా?" అని అడిగాను.

"కాదక్కా. అది మర్చిపోయినా నాకు గుర్తుంటుంది గదా," అన్నాడు. దర్జీ పని చేసుకోక ఇతనికి ఇదంతా ఎందుకో అనుకున్నాను.

శిక్షణ, ఇరవై ఒకటో రోజు

నాలుగు నిమిషాల్లో నీలం. నేనే మొదటిదాన్ని. సలోమి కాగితం చేతికిచ్చి, "బాగా చేసినావక్కా," అంది. ఇంకేదో అనబోయి ఆగింది. ఇంటికి వచ్చి రెండో మంచానికి కొత్త నవారు బిగించాను.

పిల్ల వచ్చిన ఒకటో రోజు

పేరు నూకరత్నం. తొమ్మిదేళ్ళు. కాకినాడ పక్కన పల్లె, ఇప్పుడది నీళ్ళ కింద ఉంది. నాన్న ముందే పోయాడు. అమ్మ ఊపిరితిత్తులకు ఉప్పు జబ్బు పట్టింది, సముద్రం మీద ఓడ ఆసుపత్రిలో ఉంది. ఎన్నాళ్ళుంటుందో కాగితంలో లేదు.

ముప్పై రోజులు చూపు కాలం. ముప్పయ్యో రోజు సలోమి వచ్చి పిల్లనే అడుగుతుంది, ఇక్కడ ఉంటావా, పిల్లల వసతికి పోతావా అని. వసతి ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. పిల్ల మాటే ఆఖరి మాట.

"ఆకలైతాందా పాపా?"

"లేదండి."

ఒక గుడ్డ సంచి తెచ్చుకుంది. విప్పలేదు. మంచం కోడుకు ఆనించి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

మూడో రోజు

పొద్దున్నే గుట్ట మీదికి తీసుకెళ్ళాను. రాత్రి వలల మీద పట్టిన మంచును పిండి డబ్బాల్లోకి దించడం మా వరుస పని. రత్నం చకచకా పిండింది. వలలు తెలిసిన చేతులు మరి. పది గంటల ఎండ కూత వేసేలోపు ఇంటికి చేరాం. ఆ తర్వాత నాలుగు గంటల కూత వరకు ఎవరూ గడప దాటకూడదు.

మధ్యాహ్నం అన్నం తింటూ, ముద్ద చేతిలో ఉండగానే అడిగింది. "మా అమ్మ ఎప్పుడొత్తాదండి?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వంద సార్లు విన్నాను. కానీ ఎదురుగా ఉన్న ఆ కళ్ళు బొమ్మవి కావు. నోటికి అలవాటైన జవాబు దానంతటదే వచ్చేసింది. "పున్నమికి వస్తుంది పాపా."

ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో గరిటె వేయించుకుంది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రం వలలు ఎత్తేటప్పుడు పడమట సన్నటి నెలవంక కనిపించింది. రత్నం దాన్ని చూసి మొదటిసారి నవ్వింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆరో రోజు

బాగా తింటోంది, బాగా నిద్రపోతోంది. పక్కింటివాళ్ళు "మంత్రమేమైనా వేసినావా" అంటున్నారు. నాకు మీసం ఉంటే మెలేసేదాన్ని.

ఒక్కటే చిక్కు. బడికి పేరు రాయిద్దామంటే, "ఎందుకండి, పది రోజుల్లో ఎల్లిపోతాను కదండి," అంది. సంచి ఇంకా విప్పలేదు.

తొమ్మిదో రోజు

సాయంత్రం చంద్రుడు సగం దాటాడు. రత్నం వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. అమ్మకు పెట్టాలని పొద్దుటి బెల్లం ముక్క దాచింది, చీమలు పడితే ఏడుస్తుందేమోనని నేను ఇంకో ముక్క ఇచ్చాను. అది కూడా దాచింది. "మా అమ్మ కూడా మీ వలలు పిండుద్దండి. నా కన్నా బాగా పిండుద్ది," అంది.

పిల్ల సంతోషం పెరిగేకొద్దీ నాకు అన్నం సహించడం లేదు. మింగలేను, కక్కలేను. ఓడ ఆసుపత్రికి కబురు పెట్టి అడిగాను. ఇప్పట్లో కదిలించలేమని, తేరుకుంటుందో లేదో వానలు వెళ్ళాక గానీ చెప్పలేమని జవాబు వచ్చింది.

పదో రోజు

ఈ పేజీ రాయడానికి సిగ్గుగా ఉంది.

పొద్దున తల దువ్వుతున్నాను. జడ పక్కకు తీసేసరికి మెడ వెనక చిన్న గుంట కనిపించింది. నా బొటనవేలు అక్కడికి వెళ్ళింది. వెళ్ళి, నొక్కింది.

"ఏంటండీ?" అని తిరిగి చూసింది.

"ఏం లేదు పాపా, పేను అనుకున్నా," అన్నాను.

ఇంకో అబద్ధం. దువ్వెన కిందపెట్టి వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పిల్ల నా మాట ఒక్కటీ మరిచిపోదు. ఈ సంగతి ఒకరు చెప్పాలా! కానీ నేను నేర్చుకున్నదంతా మరిచిపోయే పిల్ల దగ్గర.

పదకొండో రోజు

నాలుగు కూత వేయగానే సలోమి దగ్గరికి పోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బొమ్మకు రేపు లేదక్కా. పది నిమిషాలే దాని బతుకు. నీలానికి మార్కులు వేయకూడదని పోయిన ఏడాదే పైవాళ్ళకు రాయాల్సింది. రాయలేదు. నా తప్పు కూడా ఉంది దీంట్లో," అంది.

"నువ్వొచ్చి చెప్తావా పాపకు? నువ్వైతే సర్దిచెప్తావు."

"నేను చెప్తే నువ్వు పారిపోయినట్టే. నువ్వే చెప్పాల. పున్నమి దాకా ఆగొద్దు. సర్దిచెప్పొద్దు కూడా. చెప్పి, ఆడనే కూర్చో. ఆ పాప ఏమన్నా పడు."

"ముప్పయ్యో రోజు ఇంగ నా ఇంట్లో ఉంటానంటుందా?"

"అనకపోవచ్చు," అంది సలోమి. నన్ను ఊరడించడానికి ఆమె కూడా ఓ అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

పన్నెండో రోజు

చెప్పాను. మధ్యాహ్నం తలుపులు వేసి, కిటికీలకు తడిగుడ్డలు కట్టి, ఇద్దరమూ నేల మీద కూర్చున్నప్పుడు చెప్పాను. రత్నం సంచి తాడు ముడి బిగించుకుంటోంది.

"పాపా, మీ అమ్మ పున్నమికి రాదు."

తాడు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారండి?"

"ఎవురూ చెప్పలే. వస్తుందని కూడా నాకెవురూ చెప్పలే. నేనే కల్పించి చెప్పినా."

"ఎందుకండి?"

"నువ్వు ఏడుస్తాంటే చూడలేక."

"ఆ రోజు నేను ఏడవలేదండి."

ఇది రాస్తూ ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. నిజమే. ఏడ్చిందని ఎక్కడా రాయలేదు. ముద్ద చేతిలో పట్టుకుని అడిగిందంతే. తట్టుకోలేకపోయింది నేను.

"మరి ఎప్పుడొత్తాదండి?"

"నాకు తెల్దు. డాక్టర్లకూ తెల్దు. వానలు పోయినాక చెప్తామన్నారు."

"సచ్చిపోద్దా?"

ఆ గదిలో ఎర్రదీపం లేదు, నీలందీపం లేదు. పిల్ల ముఖం ఒక్కటే ఉంది. "అది కూడా నాకు తెల్దు పాపా," అన్నాను.

రత్నం లేచి, సంచి తీసుకుని, గడప దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి కూర్చుంది. నేనూ కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. నాలుగు కూత వేసేదాకా అట్లాగే కూర్చున్నాం.

పద్నాలుగో రోజు

రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. కంచం దగ్గర పెట్టి, "ఇక్కడ పెట్టినా, నేను వంటింట్లో ఉండా" అని చెప్పి వస్తున్నాను. బతిమాలడం లేదు. బతిమాలితే నా బాధ తగ్గుతుంది గానీ ఆమె ఆకలి తగ్గదు.

మాట్లాడితే పరీక్షే. "నీళ్ళు చల్లగా ఉండాయి" అంటే వేలు ముంచి చూస్తుంది. "కూత వేయడానికి పావుగంట ఉంది" అంటే గడియారం ముందు నిలబడుతుంది. చారులో ఉప్పు సరిపోయిందన్నాను, రుచి చూసి, "తక్కువుందండి," అంది. తక్కువే. నేను చూడకుండానే చెప్పాను. నోటి నుంచి ఎన్ని మాటలు ఊరికే జారిపోతాయో ఈ వయసులో తెలుస్తోంది.

పదహారో రోజు

పున్నమి.

సాయంత్రం వలలు ఎత్తి వచ్చాక తల దువ్వించుకుంది, ఉతికిన గౌను వేసుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"పాపా..." అన్నాను.

"రాదని తెలుసండి. అయినా కూసుంటాను."

పక్కన కూర్చోనా అని అడిగాను. మీ ఇష్టం అంది. కూర్చున్నాను. తూర్పున గుట్ట వెనక నుంచి చంద్రుడు పెద్ద పళ్ళెమంత పైకి లేచాడు. వీధి చివరి దాకా తెల్లగా కనిపిస్తోంది. ఎవరూ రావడం లేదు. అప్పుడు ఏడ్చింది. ముక్కు, కళ్ళు, భుజాలు అన్నిటితో ఏడ్చింది. ఊరుకో అని నేను అనలేదు. నాకు తెలిసిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

తొమ్మిది గంటలకు తనే లోపలికి వచ్చి అన్నం పెట్టమంది. చీమలు పట్టని బెల్లం ముక్క తనే తినేసింది.

ఇరవై రెండో రోజు

ఇవాళ మళ్ళీ ముప్పు తెచ్చుకున్నాను. పొద్దున స్టేషను పంపు ఆగిపోయిందని పిలిచారు. కూత వేసేలోపే పోవాలి కాబట్టి రత్నాన్ని పక్కింట్లో కూర్చోబెట్టి, "నాలుక్కల్లా వచ్చేస్తా," అన్నాను. చెప్పేముందు ఆలోచించలేదు. నాలుగు కూత వేస్తే గానీ బయటికి వదలరు, స్టేషను నుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక.

మూడున్నర దాటాక గుర్తొచ్చింది. పంపు నిలువునా విప్పి ఉంది, బోల్టులన్నీ గుడ్డ మీద ఉన్నాయి. ముప్పై ఒక్కేళ్ళలో విప్పిన పంపును వదిలి నేను ఎక్కడికీ పోలేదు. వదిలేశాను. నెత్తిన తడిగుడ్డ కప్పుకుని బయలుదేరాను. గేటు దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు.

"ఏమ్మా, సావాలని ఉందా? ఇంకా కూత వేయలే!"

"పోనీ నాయనా, నీకు పుణ్యముంటుంది. రాసుకో నా పేరు," అన్నాను.

మూడో వరుస చేరేసరికి నాలుక పిడచకట్టింది. చెప్పు అడుగు కరిగి సిమెంటుకు అతుక్కుంటుంటే చెప్పులు వదిలేసి వచ్చాను. రత్నం పక్కింటి అరుగు మీద గడియారం ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నాలుగూ రెండు అయిందండి."

"ఔను. రెండు నిమిషాలు ఆలస్యమైంది."

నా కాళ్ళ వైపు చూసింది. "కాలాయాండి?"

ఏం లేదులే అనబోయాను. "కాలినాయి," అన్నాను.

"బాగా కాలాయా?"

"బాగానే కాలినాయి పాపా. మంటగా ఉంది."

లోపలికి పోయి బక్కెట్లో నీళ్ళు తెచ్చింది. నేను కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. తను ఎదురుగా కూర్చుని, వాళ్ళ పల్లెలో ఎండుచేపలు తిరగేసేటప్పుడు ఇసకలో కాళ్ళు ఎట్లా కాలేవో చెప్పింది. అడగకుండానే చెప్పింది. అరగంట సేపు చెప్పింది.

ఇరవై తొమ్మిదో రోజు

రేపే. మౌలాలి కనిపించాడు. అతని ఇంటికి వచ్చిన పిల్లవాడు అతనితో ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదట, కానీ కుట్టుమిషను పక్కనే వచ్చి పడుకుంటున్నాడట. అతన్ని ఎగతాళి చేసినందుకు సిగ్గుపడుతున్నానని చెప్పాను. "బాగుంది, ఇప్పుడా గుర్తొచ్చేది?" అని నవ్వాడు.

రత్నం సంచి ఇంకా మంచం కోడు దగ్గరే ఉంది. తాడు ముడి అట్లాగే ఉంది. ఉండమని అడగాలని నోరు పీకుతోంది. అడగకూడదు. ఈ పిల్ల లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే భయంగా ఉంది. అది కూడా ఆమెకు చెప్పకూడదు, బరువు ఆమె మీద పడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముప్పయ్యో రోజు

సలోమి పొద్దున్నే వచ్చింది. నేను లేచి బయటికి పోబోతే రత్నం, "ఈవిడ ఉండొచ్చాండి?" అని అడిగింది. ఉండొచ్చంది సలోమి. నేను గోడ పక్కన కూర్చున్నాను.

"రత్నమ్మా, ఈడ ఉంటావా, వసతికి పోతావా? ఏది చెప్పినా ఎవురూ ఏమీ అనుకోరు."

రత్నం గౌను అంచు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "మా అమ్మ గురించి కబురొత్తే ముందు ఎవరికి చెప్తారండి?"

"నిన్ను సాకేవాళ్ళకు చెప్తాము. వాళ్ళు నీకు చెప్తారు."

"వసతిలో అయితేనండి?"

"ఆడుండే పెద్దమ్మకు."

"అయితే ఇక్కడే ఉంటానండి," అంది రత్నం. "మా అమ్మ సచ్చిపోతే వాళ్ళు ఊరెల్లిందంటారు, వత్తాదంటారు. ఈవిడైతే సచ్చిపోయిందనే చెప్తాదండి."

సలోమి రాయడం ఆపి నా వైపు చూసింది. ఈ ఇంట్లో ఉండమని దేవుళ్ళందరికీ మొక్కాను గానీ, ఇందుకోసం ఉంటుందని అనుకోలేదు.

"చెప్తారు కదండి?" అని నన్నే అడిగింది.

"చెప్తా పాపా."

"అప్పుడే చెప్పాలండి. తర్వాత కాదు."

"అప్పుడే చెప్తా. మీ అమ్మ నయమై వస్తాండాదన్నా నేనే చెప్తా."

రత్నం లేచి, సంచి మంచం మీద పెట్టి, తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అదెవరైనా చెప్తారండి," అంది.